వెతికేవాళ్ళు మన కొట్టు దాకా రావాలంటే: గూగుల్ యాడ్స్‌తో నా అనుభవం

పోయిన వీడియోలో కాఫీ పండ్లు బేబీ పల్పర్‌లో వేసి, కడిగి, పార్చ్‌మెంట్ ఆరబెట్టడం చూపించాను కదా. ఆ వీడియో చూసి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది పల్పింగ్ గురించి అడగలేదు. "పండించడం మాకూ వచ్చు తమ్ముడూ, కొనేవాళ్ళు మీకు ఎక్కడ దొరుకుతున్నారు?" అని అడిగారు. పైన పెట్టిన వీడియోలో ఫోన్ స్క్రీన్ మీద చేసి చూపించాను. అందులో చెప్పడానికి టైము చాలని లెక్కలు, నేను చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నాను.

మాది డుంబ్రిగుడ మండలం. అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డు మీద, చాపరాయి చూడటానికి వచ్చే కార్లు మా కొట్టు ముందు నుంచే వెళ్తాయి. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా, చోడిపిండి అమ్ముతాం. అన్నీ జీవామృతం, కషాయాలతో పండించినవే. మా నాన్న కాలంలో సరుకు సంతకి మోసుకెళ్ళి, షావుకారు చెప్పిన ధరకి ఇచ్చి రావడమే. ఇప్పుడు కొనేవాడు వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఫోన్‌లో వెతుకుతున్నాడు. వాడికి మనం కనిపించడం లేదు, అదీ సమస్య.

ముందు ఒక తేడా చెప్పాలి. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో యాడ్ వేస్తే మనం వాళ్ళ దగ్గరికి వెళ్తున్నట్టు. సినిమా పాట వింటున్నవాడికి మధ్యలో మన పసుపు కనిపిస్తుంది, వాడు దాటేస్తాడు. సెర్చ్‌లో అలా కాదు. "చికోరీ లేని కాఫీ పొడి ఎక్కడ దొరుకుతుంది" అని వాడే అడుగుతున్నాడు. అడిగిన క్షణంలో మనం ఎదురుగా ఉండటమే సెర్చ్ మార్కెటింగ్.

గూగుల్‌లో ఏదైనా కొట్టి చూడండి. "స్పాన్సర్డ్" అని రాసి ఉండేవి డబ్బు కట్టిన యాడ్స్. మ్యాప్‌తో పాటు షాపుల పేర్లు వచ్చేది రెండో రకం. మామూలు వెబ్‌సైట్లు మూడో రకం. మొదటిదానికి నొక్కినప్పుడల్లా డబ్బు పడుతుంది. రెండు, మూడు ఉచితం, కాకపోతే ఓపిక కావాలి.

యాడ్‌కి రేటు ఎవరు పెడతారు అని చాలామంది అడిగారు. ఎవరూ పెట్టరు, అది వేలం. సంతలో పశువు పాట లాంటిదే గానీ కంటి రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఒక్కొక్కరు వెతికినప్పుడల్లా ఒక్కొక్క పాట. అయితే ఎక్కువ పాడినవాడికే పైచోటు అని గ్యారంటీ లేదు. మన యాడ్ వాళ్ళు వెతికినదానికి ఎంత దగ్గరగా ఉంది, నొక్కిన తర్వాత తెరుచుకునే పేజీ పనికొచ్చేదేనా అని కూడా చూస్తారు. ప్రతి పదానికీ 1 నుంచి 10 దాకా క్వాలిటీ స్కోరు అని మార్కులు కనిపిస్తాయి. మన ఊరి మాట సూటిగా రాసే చిన్న రైతుకి ఇక్కడ కొంచెం చోటుంది. పెద్ద కంపెనీవాడు ఎక్కువ పాడినా, వాడి పేజీ ఆ ప్రశ్నకి జవాబు కాకపోతే వెనకబడతాడు.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి యాడ్ పెట్టినప్పుడు "అరకు కాఫీ" అని ఒక్క మాట ఇచ్చి, దేశమంతా అని టిక్ పెట్టి, పొలానికి వెళ్ళిపోయాను. నెల తిరిగేసరికి 4,000 పైచిలుకు ఖర్చయింది. వచ్చిన ఫోన్లు మూడు. ఆర్డరు ఒకటి. అప్పుడు కూర్చుని "సెర్చ్ టర్మ్స్" అనే రిపోర్టు తెరిచాను. జనం అసలు ఏం కొట్టి నా యాడ్ నొక్కారో అందులో ఉంటుంది. కాఫీ మ్యూజియం టైమింగ్స్, కాఫీ మొక్కల నర్సరీ, కాఫీ మెషిన్ రేటు, అరకులో రూములు... వీళ్ళెవరికీ కాఫీ పొడి అక్కర్లేదు. తప్పు నాదే. పదానికి ఏ గుర్తూ పెట్టకుండా ఇస్తే దాన్ని "బ్రాడ్ మ్యాచ్" అంటారు, అంటే దానికి దగ్గరగా అనిపించిన ప్రతిదానికీ చూపించమని మనమే చెప్పినట్టు. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫ్రేజ్ మ్యాచ్, చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్. డిప్లొమాలో కలుపు మందు డోసు చదివాను గానీ ఈ కలుపు గురించి ఎవరూ చెప్పలేదు!

కలుపు తీయడానికి "నెగెటివ్ కీవర్డ్స్" అని ఒక లిస్టు ఉంటుంది. మొక్కలు, నర్సరీ, మెషిన్, ఉద్యోగాలు, ఫ్రీ, హోటల్, మ్యూజియం అని అందులో రాసుకుంటే, ఆ మాటలతో వెతికినవాళ్ళకి యాడ్ పోదు. మాటకి దగ్గరి రూపాలు దానంతట అది పట్టుకోదు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఏకవచనం, బహువచనం అన్నీ వేసుకోవాలి. వారానికోసారి రిపోర్టు చూసి కొత్తవి కలుపుతుంటాను, పది నిమిషాల పని.

ఇంకో సంగతి కూడా అర్థమైంది. "అరకు కాఫీ" అన్న మాట మీద పాట పాడటం మనలాంటివాళ్ళ పని కాదు. ఆ పేరు ఇప్పుడు చాలా పెద్దది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు. 2019లో "అరకు వ్యాలీ అరబికా కాఫీ"కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ అమ్ముతుంది, ఆన్‌లైన్ షాపింగ్ సైట్లు అమ్ముతాయి, మన్యం మొహం చూడనివాళ్ళు కూడా ప్యాకెట్ మీద అరకు అని వేసుకుంటారు. పేరు మన కొండది, కానీ ఆ పేరు కొట్టినప్పుడు పైన కనిపించేది ఎక్కువగా మనం కాదు. నాకూ కడుపు మండుతుంది. అయినా మంటతో పాట పాడితే జేబు ఖాళీ అవుతుంది.

లెక్క వేసి చూద్దాం. పావు కిలో పొడి మీద ఖర్చులన్నీ పోను 80 రూపాయలు మిగులుతుందనుకోండి. నొక్కుకి 8 రూపాయలు. వంద మంది నొక్కితే 800. అందులో ముగ్గురు కొన్నారనుకుంటే ఒక్కో కస్టమర్‌కి 267 పడింది. 80 సంపాదించడానికి 267 పెట్టాం! అదే మనిషి మళ్ళీ మళ్ళీ, నాలుగుసార్లు తెప్పించుకుంటే 320 మిగిలి, అప్పుడు 53 లాభం. కాబట్టి ఒక్క ప్యాకెట్ అమ్ముదామని యాడ్ పెట్టేవాడు నష్టపోతాడు. మళ్ళీ ఆర్డరు ఇచ్చే ఏర్పాటు ఉన్నవాడికే యాడ్ గిట్టుబాటు అవుతుంది. నేను ప్రతి ప్యాకెట్‌లో వాట్సాప్ నంబరు చీటీ వేస్తాను, మొదటి ఆర్డరు వెళ్ళిన ఇరవై రోజులకి "పొడి అయిపోవచ్చింది కదండీ" అని మెసేజ్ పెడతాను. రెండో ఆర్డరుకి గూగుల్‌కి పైసా కట్టక్కర్లేదు. మీ అంకెలు వేరే ఉంటాయి, ఈ లెక్క మాత్రం యాడ్ పెట్టకముందే మీ సరుకుతో వేసుకోండి.

మరి ఏ మాటల మీద పెట్టాలి? కొనే ఉద్దేశం స్పష్టంగా ఉన్నవి, పెద్దవాళ్ళు పట్టించుకోనివి. చికోరీ లేని ఫిల్టర్ కాఫీ పొడి, ప్రకృతి వ్యవసాయం రాజ్‌మా వైజాగ్, అరకులో మిరియాలు కొనాలి, చాపరాయి దగ్గర కాఫీ. ఇలాంటివాటికి వెతికేవాళ్ళు తక్కువే, కానీ వచ్చినవాడు కొనడానికే వస్తాడు. కొట్టు దగ్గర నిలబడి కస్టమర్ అడిగే మొదటి ప్రశ్న రాసుకోండి, అదే మీ కీవర్డ్. మా దగ్గర పదిమందిలో ఏడుగురు అడిగేది "చికోరీ కలిపారా?" అనే.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. గూగుల్ యాడ్స్‌ని అప్పట్లో యాడ్‌వర్డ్స్ అనేవారు. 2018లో దానికి తెలుగు సపోర్టు ఇచ్చారు. మన జనం ఎక్కువగా తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, "అరకు లో తేనె" అని. పెద్దవాళ్ళు మైకు నొక్కి తెలుగులో మాట్లాడతారు. రెండు రకాలూ, తెలుగు లిపిలోనూ పెట్టండి. తెలుగు లిపి మాటల్లో నాకైతే పోటీ బాగా తక్కువ కనిపించింది.

ఏరియా సెట్టింగులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. చోటు ఎంచుకున్నాక "లొకేషన్ ఆప్షన్స్" అని కింద దాగి ఉంటుంది. అక్కడ ముందే టిక్ పెట్టి ఉండేది "ఆ చోట ఉన్నవాళ్ళు, లేదా ఆ చోటు మీద ఆసక్తి చూపినవాళ్ళు" అన్నది. అరకు అని పెడితే ఢిల్లీలో ఇంట్లో కూర్చుని అరకు ఫొటోలు చూసేవాడికి కూడా యాడ్ పోవచ్చు. కొట్టు దగ్గర అమ్మకాలకి "ఆ చోట ఉన్నవాళ్ళు" అన్నదే పెట్టి, చుట్టూ 20 కిలోమీటర్లు గీసుకున్నాను. కొరియర్ అమ్మకాలకి వేరే క్యాంపెయిన్, విశాఖ, విజయనగరం, హైదరాబాద్ మాత్రమే. రెండూ కలపొద్దు. కలిపితే ఏది పనిచేస్తోందో తెలియదు.

అసలు యాడ్ కంటే ముందు చేయాల్సింది మ్యాప్‌లో కొట్టు పెట్టుకోవడం, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది ఉచితం, మా కొట్టుకి వచ్చే టూరిస్టుల్లో ఎక్కువమంది దీన్ని చూసే వస్తున్నారు. మన ఏజెన్సీ ఊళ్ళలో వీధి పేరు, డోరు నంబరు ఎక్కడుంటాయి? కంగారు పడక్కర్లేదు. మ్యాప్‌లో కొట్టు ఉన్నచోట వేలు నొక్కి పట్టుకుంటే "ప్లస్ కోడ్" అని అక్షరాలు, అంకెలు కలిసిన చిన్న కోడ్ వస్తుంది, అదే మన అడ్రసు. పిన్ను సరిగ్గా కొట్టు మీదే పెట్టండి. నేను మొదట రోడ్డుకి అవతల పెడితే కార్లు వాగు దగ్గరికి పోయి వెనక్కి వచ్చేవి. వెరిఫికేషన్‌కి వీడియో అడగొచ్చు. రోడ్డు, బోర్డు, లోపల సరుకు, మీరు తాళం తీయడం, ఏదైనా లైసెన్సు కాగితం, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో తీయాలి. ఇంటి నుంచి సరుకు పంపేవాళ్ళు, కస్టమర్లు ఇంటికి రాకూడదనుకుంటే, అడ్రసు దాచి సర్వీస్ ఏరియా మాత్రం చూపించవచ్చు. ఇక రివ్యూలు. రివ్యూ రాస్తే కాఫీ ఫ్రీ అని బోర్డు పెట్టకండి, గూగుల్ రూల్స్ ఒప్పుకోవు. నోటితో అడగండి, చాలు.

ఇంతకుముందు ఈ ప్రొఫైల్‌తో పాటే ఒక చిన్న ఉచిత వెబ్‌సైట్ వచ్చేది, 2024 మార్చిలో ఆపేశారు. కాబట్టి యాడ్ నొక్కినవాడు దిగడానికి ఒక పేజీ మీరే చేయించుకోవాలి. ఆడంబరం వద్దు. సరుకు ఫొటో, బరువు, ధర, కొరియర్ ఖర్చు, వాట్సాప్ బటన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, పొలం వీడియో. ధర దాస్తే ఫోన్ చేసి అడుగుతారు అనుకోకండి, వెనక్కి వెళ్ళిపోతారు. మనం నొక్కుకి కట్టిన డబ్బు అప్పటికే పోయి ఉంటుంది.

యాడ్‌లో "ఆర్గానిక్" అని రాయాలనిపిస్తుంది, ఎందుకంటే జనం అదే కొడతారు. జాగ్రత్త. 2017 నుంచి ఆర్గానిక్ ఆహారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు ఉన్నాయి, ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ సర్టిఫికెట్ ఆధారంగా ఆ మాట వాడాలి. సర్టిఫికెట్ చేతికి రాకముందు "ప్రకృతి వ్యవసాయంలో, రసాయనాలు లేకుండా మా పొలంలో పండించినది" అని ఉన్నది ఉన్నట్టు రాయండి, జీవామృతం కలిపే వీడియో పక్కన పెట్టండి. చికోరీ కలిపితే అది కూడా ప్యాకెట్ మీద వేయాలి. ఆ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు.

ఇక మన కొండల కష్టం, సిగ్నల్. యాడ్ కింద ఫోన్ నంబరు కనిపించేలా పెట్టుకోవచ్చు, బాగానే ఉంటుంది. కానీ టూరిస్టులు వచ్చేదీ, కాఫీ పండు కోతకొచ్చేదీ ఒకే కాలం, నవంబరు నుంచి. వలిసె పూల దగ్గర ఫొటోలకి జనం దిగే వేళకి మనం తోటలో బుట్ట కట్టుకుని ఉంటాం, అక్కడ ఒక్క గీత సిగ్నల్ ఉండదు. డబ్బు కట్టి తెప్పించుకున్న ఫోను ఎత్తకపోతే కట్టిందంతా వృథా. "యాడ్ షెడ్యూల్"లో గంటలు పెట్టుకోండి. కొట్టు చుట్టూ నడిచే యాడ్‌ని ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పెట్టాను, ఆ టైములో మా చెల్లెలు కొట్టులో ఉంటుంది. కొరియర్ యాడ్ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది, తోట నుంచి నేను దిగాక.

డబ్బు సంగతులు రెండు. యూపీఐతో ముందే కట్టే పద్ధతి పెట్టుకోండి, కట్టినంతే ఖర్చవుతుంది. అందులో 18 శాతం జీఎస్టీ పోతుంది, అంటే 1,000 కడితే యాడ్స్‌కి మిగిలేది 847 చిల్లర. రోజుకి 100 అని బడ్జెట్ పెడితే ఒకరోజు 200 దాకా పోవచ్చు, గాబరా పడకండి, నెల మొత్తం మీద 30.4 రోజుల లెక్క దాటదు. సెట్టింగుల్లో "డిస్‌ప్లే నెట్‌వర్క్", "సెర్చ్ పార్ట్‌నర్స్" అని టిక్కులుంటాయి, మొదట్లో రెండూ తీసేయండి. మనకి కావలసింది సెర్చ్ ఒక్కటే.

ఎవరికైనా అప్పగించి చేయించుకుంటే అకౌంట్ మాత్రం మీ మెయిల్‌తోనే తెరిపించండి. మా స్నేహితుడు తేనె అమ్ముతాడు. పట్నంలో ఒక ఏజెన్సీ వాళ్ళు అకౌంట్ వాళ్ళ పేరుతో తెరిచారు. మానేసిన రోజు రెండేళ్ళ రిపోర్టులు, నెగెటివ్ లిస్టు, అన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

వానాకాలంలో నేను కొట్టు యాడ్ పూర్తిగా ఆపేస్తాను, రోడ్డు మీద కార్లే ఉండవు. అక్టోబరులో మళ్ళీ మొదలుపెడతాను. గూగుల్ ట్రెండ్స్‌లో "అరకు" అని కొట్టి అయిదేళ్ళ గీత చూడండి, ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు ఆపాలో మీకే కనిపిస్తుంది. ప్లస్ కోడ్ తీయడం, వెరిఫికేషన్ వీడియో తీయడం వచ్చే వీడియోలో మా చెల్లెలు చేసి చూపిస్తుంది. అప్పటిలోగా మీ కొట్టు పిన్ను ఎక్కడ పడిందో ఒకసారి మ్యాప్‌లో చూసుకోండి.