భూ రికార్డుల వెనుక సాంకేతికత: వర్చువల్ మెషీన్లు, కంటైనర్లపై అవగాహన

న్యాల్‌కల్ (సంగారెడ్డి జిల్లా): కర్ణాటక సరిహద్దున గల న్యాల్‌కల్ మండలంలో, రాష్ట్రంలోని ఇతర మండలాలలో వలెనే, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహశీల్దారు కార్యాలయంలోనే జరుగుతున్నాయి. 2020 అక్టోబరు 29న ధరణితో మొదలైన ఈ విధానం, 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి పోర్టల్‌లోనూ కొనసాగుతున్నది. రైతుకు అందే పత్రం ఇక్కడ ముద్రితమైనా, దానికి ఆధారమైన రికార్డు దూరాన గల డేటా సెంటర్‌లో ఉంటుంది. "సర్వర్ డౌన్" అయిన నాడు స్లాట్ తీసుకున్న రైతు సాక్షులతో సహా వెనుదిరగవలసి వస్తుంది. ఈ దృష్ట్యా, డేటా సెంటర్ల నిర్వహణలో తరచు వినవచ్చే రెండు పదాలను విలేకరులు, అధికారుల సమాచారార్థం వివరించడమైనది.

వర్చువల్ మెషీన్: ఒక పెద్ద సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ ద్వారా పలు కంప్యూటర్లుగా విభజించినప్పుడు, ప్రతి భాగమూ సొంత ఆపరేటింగ్ సిస్టంతో పనిచేస్తుంది. ఐబీఎం 1972లోనే ఈ పద్ధతిని వీఎం/370 పేరిట ప్రకటించింది. లినక్స్‌లో 2007లో కేవీఎం చేరింది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ తన తొలి జాతీయ డేటా సెంటర్‌ను 2008లో హైదరాబాద్‌లో నెలకొల్పింది. మేఘరాజ్ క్లౌడ్ సేవలు 2014లో ప్రారంభమయ్యాయి.

కంటైనర్: ఇందులో ప్రత్యేక ఆపరేటింగ్ సిస్టం ఉండదు. ఒకే లినక్స్ కెర్నెల్‌పై ప్రోగ్రాములు వేర్వేరు గదులలో వలె నడుస్తాయి. అందువలన క్షణాలలో ప్రారంభమవుతాయి. 2013లో వెలువడిన డాకర్ దీనికి విస్తృత ప్రచారం కల్పించింది.

ఆదేశాల పద్ధతి: ఈ సర్వర్లను సాధారణంగా దూరం నుండి, అక్షరాలలో టైపు చేసే ఆదేశాలతోనే నిర్వహిస్తారు. "విర్ష్ లిస్ట్ --ఆల్" అన్న ఆదేశం వర్చువల్ మెషీన్ల జాబితాను, "డాకర్ పీఎస్" నడుస్తున్న కంటైనర్లను చూపుతాయి. లోపం తలెత్తినప్పుడు "డాకర్ లాగ్స్" కారణాన్ని వెదకడానికి తోడ్పడుతుంది.

పేర్లను చూసి పొరబడరాదు. "విర్ష్ డిస్ట్రాయ్" అన్న మాట భయం గొలిపేదే అయినా, అది వర్చువల్ మెషీన్‌ను కరెంటు తీసినట్లు ఆపివేస్తుందే గాని, డిస్కును చెరిపివేయదు. ఇందుకు భిన్నంగా, చిన్నదిగా కనిపించే "డాకర్ ఆర్ఎం" కంటైనర్‌ను తొలగించడంతో పాటు, దాని లోపలే వ్రాసిన సమాచారాన్ని కూడా పోగొడుతుంది. కంటైనర్ ఏ క్షణమైనా తీసివేసి కొత్తది పెట్టుకొనదగినది. రికార్డు అటువంటిది కాదు. కావున రికార్డులను కంటైనర్ వెలుపల, వాల్యూమ్‌లోనో ప్రత్యేక డేటాబేస్ సర్వర్‌లోనో భద్రపరచి, మరొక చోట బ్యాకప్ ఉంచవలసి ఉంటుంది.

సేవలు నిలిచిపోయిన సందర్భాలలో అధికారులు, విలేకరులు మూడు విషయాలు అడిగి తెలుసుకొనడం ఉపయుక్తం: ఆగినది ప్రోగ్రామా, డేటాబేసా? రికార్డు ఎక్కడ నిల్వ ఉన్నది? బ్యాకప్ నుండి రికార్డును తిరిగి తెచ్చి చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? మొదటిదానికి సమాధానం ప్రోగ్రాం అయితే రైతుకు కలిగేది జాప్యం మాత్రమే. మిగిలిన రెండింటికీ స్పష్టమైన సమాధానం లేనప్పుడు అతని హక్కుకే భద్రత కొరవడుతుంది.