వార్తల్లో పదం: ఒఫియోలైట్

సముద్రపు అడుగు చూడాలంటే నీళ్లలో మునగాలి. ఒమాన్‌లో మాత్రం కొండెక్కితే చాలు. అక్కడి హజర్ పర్వతాల్లో సుమారు 500 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న సమాయిల్ రాళ్లు ఒకప్పటి సముద్రగర్భమే. ఇలా నేలమీదికి చేరిన సముద్రపు పెంకును, దాని కిందనున్న మాంటిల్ ముక్కను కలిపి ‘ఒఫియోలైట్’ అంటారు. గ్రీకులో ‘ఒఫిస్’ అంటే పాము, ‘లిథోస్’ అంటే రాయి. ఈ రాళ్లలోని పచ్చటి మచ్చలు పాము చర్మాన్ని తలపిస్తాయి.

దాదాపు 9.6 కోట్ల ఏళ్ల కిందట టెథిస్ సముద్రంలో ఈ పెంకు పుట్టింది. సముద్రం మూసుకుపోతుండగా అరేబియా ఖండపు అంచు దాని కిందికి దూరడంతో పెంకు ఒడ్డెక్కింది. మామూలుగా జరిగేది ఇందుకు విరుద్ధం: బరువైన సముద్రపు పెంకే ఖండం కిందికి జారుతుంది. వాది జిజ్జీ లోయలో తలగడలు పేర్చినట్టున్న లావా ముద్దలు నీటి అడుగున గడ్డకట్టినవే. కొన్ని లోయల్లో పెంకుకూ మాంటిల్‌కూ నడుమనున్న ‘మోహో’ సరిహద్దును చేత్తో తాకొచ్చు!

ఇక్కడి పెరిడొటైట్ అనే మాంటిల్ శిల కార్బన్ డయాక్సైడ్‌ను ఖనిజంగా మార్చేస్తుంది. ఆ గుణాన్ని వాడుకుంటున్న ఒమాన్ సంస్థ ‘44.01’కు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి దక్కింది.