క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఎందుకు చాలదు?

కీసర నుంచి వెళ్లి చవకగా కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ ఉంది. అక్కడ ప్రాసెసర్ కోసం గంటసేపు బేరమాడేవాళ్లు కూడా, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మాత్రం క్యాబినెట్‌తో వచ్చిందే చాలంటారు. నాకది నచ్చదు.

ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ. లోపలి భాగాలకు కావాల్సింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. మార్చేది ఎస్‌ఎంపీఎస్సే. క్యాబినెట్‌తో వచ్చింది నాసిరకానిదైతే, గాలివాన రోజు వోల్టేజీ ఒక్కసారిగా పెరిగినప్పుడు తాను పోతూ మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోవచ్చు.

మరి ఎలా ఎంచుకోవాలి? డబ్బా మీది పెద్ద అంకెను పక్కనపెట్టి, లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడి ఆంపియర్లను 12తో గుణించండి. పైన 450 వాట్లని రాసి, గడిలో 18 ఆంపియర్లే ఉంటే ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కలిపి దక్కేది 216 వాట్లే! విడి గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్‌కు ఆ వాట్లు చాలు. మంచి ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు తక్కువైతే ర్యామ్ తగ్గించుకోండి. అది తర్వాతైనా పెంచుకోవచ్చు.