శ్రవణయంత్రముల తారతమ్యము

"వినబడుచునే యున్నది గాని మాట తెలియుట లేదు" అని వృద్ధులు చెప్పుకొనునపుడు ఇంటివారు దానిని పరధ్యానమని త్రోసిపుచ్చుట కద్దు. కాని ఆ మాటలో అక్షరసత్యము కలదు. వార్ధక్యమున సాధారణముగా మొదట నశించునవి లోచెవిలో, నత్తగుల్లవలె చుట్టుకొనియుండెడి కోక్లియాయందు, హెచ్చు శ్రుతులను గ్రహించెడి రోమకణములు. నశించినవి మరల పుట్టవు. అచ్చులు తక్కువ శ్రుతిలో బలముగా మ్రోగును. స, త, క, ప మొదలగు హల్లులు బలహీనములు, వానిలో పెక్కింటి గుర్తులు హెచ్చు శ్రుతులయందే యుండును. అందుచేత పాలు, కాలు, తాలు అను మూడును అట్టి చెవికి ఒక్క "ఆలు"గానే తోచును. మనము గొంతు చించుకొని యరచినను బిగ్గరయగునది అచ్చే గాని హల్లు కాదు.

కావున ధ్వనులన్నిటిని ఒక్కరీతిగా పెంచెడి చౌక పరికరము, ఎంత అందమైన పెట్టెలో వచ్చినను, ఈ లోపమును తీర్చజాలదు. నేటి డిజిటల్ యంత్రము ధ్వనిని పలు శ్రుతిభాగములుగా విడదీసి, వినికిడి పరీక్షాపటమైన ఆడియోగ్రాము చూపిన లోటునకు తగినట్లు ఆయా భాగములను పెంచును; అందును చిన్న ధ్వనిని ఎక్కువగాను, పెద్ద ధ్వనిని తక్కువగాను పెంచును.

ఇక యంత్రముల రకములలో, జేబులో పెట్టుకొనెడి యంత్రమునకు బట్టల రాపిడి చప్పుడు తప్పదు. అయినను మీటలు పెద్దవి, ధర తక్కువ. చెవిరంధ్రములో ఇమిడిపోవునది పరులకు కానరాదని పలువురు దానికే మొగ్గుదురు. నా మనస్సు దీనికి సమ్మతింపదు: వణకెడి వ్రేళ్లతో కందిగింజంత బ్యాటరీని మార్చుట దుర్భరము, గులిమి చేరి ధ్వనిమార్గము మూసికొనిపోవును, తీవ్రమైన చెవిటితనమునకు దాని బలము చాలదు. పెద్దవయసువారిలో అధికసంఖ్యాకులకు చెవి వెనుక నిలిచెడి యంత్రమే మేలు. అది కానవచ్చుటలో లజ్జింపవలసినదేమియు లేదు.

యంత్రముకంటె దానిని అమర్చెడి వినికిడి నిపుణుని (ఆడియాలజిస్టు) నేర్పు ముఖ్యము. చెవిలో సన్నని గొట్టపు మైకును పెట్టి, కర్ణభేరి చెంతకు ధ్వని ఎంత చేరుచున్నదో కొలిచి సరిచూచువారిని వెదకుడు. తొలి వారములలో పళ్లెముల చప్పుడు, కాగితపు గలగల కటువుగా తోచును. మెదడు అలవాటుపడువరకు ఓపిక పట్టవలెను. (ఒక చెవి అకస్మాత్తుగా వినబడకపోయినచో మాత్రము యంత్రమునకై కాక, ఆ దినముననే వైద్యునికడకు పోవలెను.) ధర భరింపలేనివారికి వికలాంగులకు సహాయోపకరణములు సమకూర్చెడి కేంద్రప్రభుత్వపు అడిప్ పథకము కలదు, సికింద్రాబాదు మనోవికాస్ నగరులో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్-శ్రవణ వైకల్య సంస్థవారి ప్రాంతీయ కేంద్రమున్నది.

కొనుటకు మునుపు ఆడియోగ్రాము కాగితమును చేతికి తీసికొనుడు. కొన్ని దినములు వాడి చూచుటకు యంత్రము నిమ్మని యడుగుడు. నిశ్శబ్దమైన పరీక్షాగదిలో గాక, మనుమలు గోలచేసెడి మీ వసారాలో, వంటింట కుక్కరు కూయుచుండగా, "పాలు" అన్న మాట పాలుగానే వినబడినపుడు సొమ్ము చెల్లింపుడు.