గుండ్రం తిరిగే తెర, అందని దీవెన



కొంతకాలం క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగించుకుని మేము ఇంటికి చేరేసరికి ఫోన్ మోగింది. చేసింది మా సంఘంలోని ఒక పెద్దావిడ. తుంటి ఎముక విరిగి ఆరు నెలలుగా మంచం మీదే ఉన్నారు. ప్రతి ఆదివారం మంచం పక్కన కంప్యూటర్ పెట్టించుకుని ఆరాధన చూస్తారు. "అయ్యగారూ, పాటలన్నీ బాగానే వస్తాయండి. మీరు వాక్యం మొదలుపెట్టిన కాసేపటికి బొమ్మ ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ఇక అంతే. దీవెన విని ఎన్నాళ్లయిందో" అన్నారు.

ప్రతి వారం ఇంతేనా అని అడిగాం. ఇంతేనన్నారు. మనవడు "నెట్ అంతే నాయనమ్మా" అని వదిలేశాడట. ఆమె మాత్రం సరిగ్గా వాక్యం వేళకే ఆగుతోంది గనుక ఇది సాతాను శోధన అనుకుని ప్రార్థన చేసుకుంటూ వచ్చారు.

అసలు కారణం కాసేపట్లో చెబుతాం. ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ఆ ఆరు నెలల్లో ఆమెను పలుమార్లు పరామర్శించాం, చేతులుంచి ప్రార్థించాం. కానీ ఒక్కసారైనా "ఆరాధన సరిగా వస్తోందా అమ్మా?" అని అడగలేదు. మందిరంలో కెమెరా పెట్టాం గనుక మా పని అయిపోయిందనుకున్నాం.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్ 12న వచ్చిన పునరుత్థాన పండుగను మనలో చాలామంది ఇళ్లలో తెర ముందు కూర్చునే జరుపుకున్నాం. తర్వాత మందిరాల తలుపులు తెరుచుకున్నాయి గానీ కెమెరాలు అలాగే ఉండిపోయాయి. నడవగలిగినవారు మందిరానికి రావాల్సిందే. రొట్టె విరవడం, పక్కవాని కన్నీరు తుడవడం తెర మీద జరిగే పనులు కావు. కానీ మంచం దిగలేనివారు, వారిని విడిచి రాలేని ఇంటివారు, ఆదివారం డ్యూటీ పడిన నర్సులు, దూరదేశాల్లో ఉన్న మన పిల్లలు ఉన్నారు. మనకు ఉదయం 10 గంటలైతే కువైట్‌లో 7:30. న్యూయార్క్‌లో వేసవి కాలమైతే అర్ధరాత్రి దాటి 12:30. ఆ వేళ మేలుకుని కూర్చున్న బిడ్డకు తెర గుండ్రం తిరుగుతూ కనిపిస్తే ఎలా ఉంటుంది? అందుకే ఈ వారం సంపాదకీయంలో కంప్యూటర్‌ను ఆరాధన వేళకు సిద్ధం చేసుకునే విధానం వివరిస్తున్నాం.

వీడియో మన దాకా ఎలా వస్తుంది?

చెరువు నింపుకున్నాక పొలానికి నీరు పెట్టడం ఒక పద్ధతి. వీడియో మొత్తం దించుకుని చూడడం అలాంటిది. కాలువ పారుతుండగానే మడి తడుపుకోవడం రెండో పద్ధతి. స్ట్రీమింగ్ అంటే ఇదే. మందిరంలోని దృశ్యం కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా మారి ఒకదాని వెనుక ఒకటి వస్తుంది. మన కంప్యూటర్ కొన్ని ముక్కలు ముందుగా పోగుచేసుకుని, ఒకటి చూపిస్తూ మరొకటి అందుకుంటుంది. పోగుచేసుకున్నవి అయిపోయి, కొత్తవి అందకపోతే గుండ్రం తిరుగుతుంది. ఈ ఏర్పాటు వల్లనే లైవ్ అన్నది నిజానికి కొన్ని సెకన్లు, కొన్నిసార్లు అర నిమిషం వెనుకగా వస్తుంది. ఇంట్లో మీరు "ఆమేన్" అనే వేళకు మందిరంలో తర్వాతి మాట మొదలై ఉంటుంది. అది లోపం కాదు.

కాలువ నాలుగు చోట్ల ఆగవచ్చు: మందిరం దగ్గర, మన ఇంటికి వచ్చే లైనులో, ఇంట్లోని వైఫైలో, కంప్యూటర్‌లో. అన్ని ఇళ్లలోనూ ఒకేసారి ఆగితే లోపం చాలావరకు మందిరం వైపు ఉన్నట్టే. మన ఇంట్లోనే ఆగితే మిగతా మూడూ చూసుకోవాలి.

వేగం, డేటా లెక్క

యూట్యూబ్ సూచించే వేగాలు ఇవి: 480పి నాణ్యతకు సెకనుకు 1.1 మెగాబిట్లు, 720పికి 2.5, 1080పికి 5. మీ ఇంటి వేగం తెలుసుకోవాలంటే బ్రౌజర్‌లో ఫాస్ట్.కామ్ తెరిస్తే చాలు, అంకె అదే చూపిస్తుంది. ఆరాధన చూసే కంప్యూటర్ మీద, అదే గదిలో, ఆదివారం అదే వేళకు చూడండి. అర్ధరాత్రి వచ్చే వేగం ఉదయం పదికి రాకపోవచ్చు.

ఇక పెద్దావిడ సంగతి. మేము సోమవారం యువజన సంఘం నుంచి ఒక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వారింటికి వెళ్లాం. కంప్యూటర్‌కు నెట్ మనవడి ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తోంది. ఆ ఫోన్‌లో ఉన్నది రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు. వీడియో 1080పిలో పెట్టి ఉంది. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున ఒకటిన్నర జీబీ దాదాపు 40 నిమిషాల్లో ఖర్చవుతుంది. మా సంఘంలో ప్రార్థన, పాటలు ముగిసి వాక్యం మొదలయ్యే వేళ సరిగ్గా అదే! డేటా అయిపోగానే వేగం అడుగంటుతుంది, తెర ఆగిపోతుంది.

తమ్ముడు వీడియో మీద పళ్లచక్రం గుర్తు నొక్కి నాణ్యతను 480పికి దించాడు. ఆ వేగంలో గంటకు అర జీబీ, రెండు గంటల ఆరాధనకు ఒక జీబీ సరిపోతుంది. బొమ్మ కొంచెం మసకబారుతుంది గానీ మాట స్పష్టత పెద్దగా తగ్గదు. విశ్వాసం వినడం ద్వారా కలుగుతుందని మనమే కదా బోధిస్తాం! పట్టుమని పది నిమిషాలు పట్టని పని అది. దానికోసం ఒక తల్లి ఆరు నెలలు దీవెన వినకుండా గడిపింది.

వైఫై

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి కూడా ఆగుతుంటే రౌటర్ ఎక్కడుందో చూడండి. బీరువా వెనుక, గూట్లో, రెండు గోడల అవతల ఉంటే సిగ్నల్ బలహీనపడుతుంది. చాలా రౌటర్లు రెండు పేర్లతో వైఫై ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది గానీ దూరం పోదు. 2.4ది నెమ్మదైనా గోడలు దాటుతుంది. ఒకే గదిలో ఉంటే మొదటిది, దూరపు గదిలో ఉంటే రెండోది వాడండి. అన్నిటికంటే మేలైనది రౌటర్ నుంచి కంప్యూటర్‌కు నేరుగా కేబుల్ కలపడం. ఆరాధన జరిగే రెండు గంటలు ఇంట్లోని ఇతర ఫోన్లలో వీడియోలు ఆపమని పిల్లలకు చెప్పండి.

బ్రౌజర్, పాత కంప్యూటర్లు

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌లలో ఏదైనా సరే, కొత్త రూపానికి అప్‌డేట్ అయి ఉండాలి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్‌లోనే మైక్రోసాఫ్ట్ విరమించింది, దానితో ప్రయాసపడకండి. విండోస్ 7 ఉన్న యంత్రాలకు 2023 నుంచి క్రోమ్ కొత్త రూపాలు రావడం లేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి కంప్యూటర్‌లో వీడియో ఇంకా రావచ్చు గానీ దాని మీద బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

పిల్లలు వాడి వదిలేసిన పాత కంప్యూటర్‌లో ఒక విచిత్రం జరుగుతుంది. నెట్ ఉంటుంది, ఏ పేజీ తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు తెర మూలన తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనుకటి తేదీ ఉంటే కారణం దొరికినట్టే. ప్రతి వెబ్‌సైటూ తానెవరో రుజువు చేసే పత్రం చూపుతుంది, ఆ పత్రానికి గడువు ఉంటుంది. మన కంప్యూటర్ తేదీ తప్పయితే ఆ పత్రం చెల్లదనుకుంటుంది. తేదీ, సమయం సరిచేయండి. కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపల ఉన్న నాణెం లాంటి చిన్న బ్యాటరీ అయిపోయినట్టు. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా వాడేది సీఆర్2032 రకం, అది మార్చడం తేలిక.

మాట వినిపిస్తూ బొమ్మ నల్లగా గానీ పచ్చగా గానీ ఉంటే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అన్నది ఆపి బ్రౌజర్‌ను మళ్లీ తెరవండి. చాలాసార్లు దానితో సరిపోతుంది.

బొమ్మ వస్తుంది, మాట రాదు

ఇది పెద్దవారిని ఎక్కువగా కంగారుపెట్టే సమస్య. తానంతట తాను మొదలయ్యే వీడియోకు బ్రౌజర్లు శబ్దం ఆపేస్తుంటాయి. కాబట్టి ముందు వీడియో మీదే ఉన్న స్పీకర్ గుర్తు నొక్కండి. తర్వాత తెర కింది మూలన కంప్యూటర్ శబ్దం, ఆపైన స్పీకర్‌కు కరెంటు చూడండి. స్పీకర్ వైరు సాధారణంగా ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. కంప్యూటర్‌ను టీవీకి కలిపితే శబ్దం ఎటు వెళ్లాలో ఎంచుకోవాలి. తెర కింది స్పీకర్ గుర్తు దగ్గర టీవీ పేరు కనిపిస్తుంది, దాన్ని ఎంచుకోండి.

శనివారం సాయంత్రమే

ఆదివారం ఉదయం తొమ్మిదీ యాభైకి కంప్యూటర్ తెరిస్తే అది అప్పుడే అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెట్టవచ్చు. శనివారం సాయంత్రం తెరిచి, అప్‌డేట్లు ముగించి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. గత వారం ఆరాధన వీడియో ఐదు నిమిషాలు పెట్టి బొమ్మ, మాట రెండూ చూసుకోండి. తెర తానంతట ఆరిపోకుండా స్లీప్ సమయం పెంచండి. సంఘం చానల్ లింకును బుక్‌మార్క్ చేసి ఉంచండి, వెతకనవసరం లేకుండా. ల్యాప్‌టాప్‌ను నిండా ఛార్జ్ చేయండి. కరెంటు పోయే ఊళ్లలో రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే ఆరాధన ఆగదు.

మెలకువగా ఉండండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. వీడియో రాక తికమకపడే వారి కోసమే కొందరు మోసగాళ్లు కాచుకుని ఉన్నారు. "ఈ వీడియో చూడడానికి ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేయండి" అని ఏదైనా పేజీ అడిగితే అది బూటకం. ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తోనే మద్దతు ముగిసింది. నేటి బ్రౌజర్‌కు విడిగా ప్లేయర్ ఏదీ అక్కరలేదు. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే ఫోన్ చేయకండి, బ్రౌజర్ మూసేయండి. అవతలి మనిషి మీ కంప్యూటర్‌ను తాను నడిపే యాప్ ఏదైనా పెట్టమంటే పెట్టకండి. భూస్థాపన కూడిక లైవ్ అని, కన్వెన్షన్ లైవ్ అని చెప్పి కార్డు వివరాలు అడిగే లింకులు నొక్కకండి. ఆరాధన చూడడానికి ఏ సంఘమూ మీ కార్డు నంబరు, ఓటీపీ అడగదు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

పైకప్పు విప్పిన నలుగురు

కపెర్నహూములో పక్షవాయువుగలవాణ్ణి మోసుకొచ్చిన నలుగురిని మార్కు రెండో అధ్యాయంలో చూస్తాం. వాకిట జనం కిక్కిరిసి ఉంటే వారు వెనుదిరగలేదు, పైకప్పు విప్పి దారి చేశారు. వారి పేర్లు మనకు తెలియవు. మంచం మీది మనిషి వాక్యం చెప్పే ప్రభువు ఎదుటికి చేరాడు, అదే వారికి కావలసింది.

ప్రతి సంఘంలోనూ కంప్యూటర్ తెలిసిన యౌవనస్థులు నలుగురైనా ఉంటారు. కాపరులారా, మీ సంఘంలో మందిరానికి రాలేనివారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ఆ నలుగురి చేతిలో పెట్టండి. నెలకొక శనివారం సాయంత్రం ఒక్కొక్క ఇంటికి వెళ్లి, ఈ పైన చెప్పినవన్నీ చూసి, పెద్దవారికి ఓపికగా నేర్పి, ప్రార్థన చేసి రమ్మనండి. వెళ్లినవారు తమ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్ పక్కన అంటించి రావాలి. ఇది సాంకేతిక పని అని తక్కువగా ఎంచవద్దు. ఇది పరిచర్య.

ఆ పెద్దావిడ మరుసటి ఆదివారం మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఫిర్యాదు లేదు. "అయ్యగారూ, ఈ రోజు దీవెనకు నేనూ ఆమేన్ అన్నానండి" అన్నారు. అర నిమిషం ఆలస్యంగానైనా ఆ ఆమేన్ మన సంఘానిదే.

ఇంట ఉన్నవారినీ, దూరాన ఉన్నవారినీ ప్రభువు తన కృపలో కాపాడును గాక. ఆమేన్.