బాల్కనీ నుంచి డ్రోన్: ఎగరడం తేలిక, దిగడమే చిక్కు
జనక్‌పురిలో 250 గ్రాముల యంత్రానికీ అనుమతి తప్పనిసరి

న్యూఢిల్లీ: పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో ఒక అపార్ట్‌మెంటు బాల్కనీ నుంచి అరచేతిలో ఇమిడే డ్రోన్‌ను గాలిలోకి వదలడానికి అర నిమిషం చాలు. దానిని తిరిగి అదే బాల్కనీలో క్షేమంగా దించడం మాత్రం అంత సులభసాధ్యం కాదు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. కమ్మీ దాటిన మరుక్షణం ఆ యంత్రం ప్రవేశించేది దేశంలోకెల్లా కట్టుదిట్టమైన గగనతలాలలో ఒకదానిలోకి. బరువు 250 గ్రాములు మించని డ్రోన్‌కు పైలట్ ధ్రువపత్రం అక్కరలేదన్న సంగతి విశేష ప్రచారం పొందింది. ధ్రువపత్రం అక్కరలేనంత మాత్రాన ఎక్కడైనా ఎగురవేయవచ్చునని అర్థం కాదన్న సంగతికి అంత ప్రచారం లభించలేదు.

ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ (డీడీఏ) 1970వ దశకంలో తీర్చిదిద్దిన కాలనీ జనక్‌పురి. రాజధానిలోని తెలుగువారికి ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ద్వారా చిరపరిచితం. ఇక్కడి మెట్రో మెజెంటా లైను 2018 మే నెల నుంచి విమానాశ్రయం మొదటి టెర్మినల్ మీదుగా సాగుతోంది. రోడ్డు మీద వాహనాల రద్దీలో దూరంగా తోచవచ్చు గాని, గగనమార్గాన లెక్కిస్తే ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రహరీకీ ఈ కాలనీకీ మధ్య దూరం 8 కిలోమీటర్ల లోపే. ఈ అంకెకు గల ప్రాధాన్యం నిబంధనలు చదివితే గాని బోధపడదు.

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 25న జారీ చేసిన డ్రోన్ నిబంధనలు అంతకు ముందరి నిబంధనల కంటే ఎంతో సరళమైనవి. 25 దరఖాస్తు పత్రాలు ఐదుకు తగ్గాయి. 72 రకాల రుసుములు నాలుగయ్యాయి. 250 గ్రాములు మించనివి నానో, ఆపై 2 కిలోల వరకు మైక్రో డ్రోన్లుగా వర్గీకరింపబడ్డాయి. నానో డ్రోన్లకూ, వ్యాపారేతర ప్రయోజనాలకు వాడే మైక్రో డ్రోన్లకూ పైలట్ ధ్రువపత్రం నుంచి మినహాయింపు లభించింది. నిబంధనల ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలుగా నిర్ణయమైంది.

అయితే గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలాలుగా విభజించినప్పుడు బరువును బట్టి మినహాయింపు ఇవ్వలేదు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ఎవరి అనుమతీ అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల దూరంలో ఈ స్వేచ్ఛ 200 అడుగులకు కుదించుకుపోతుంది. 8 కిలోమీటర్ల లోపున అసలు లేదు. పసుపుపచ్చ మండలంలో విమాన రాకపోకల నియంత్రణ విభాగం అనుమతి, ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి ముందుగా పొందవలసిందే. ఈ మండలాలను చూపే పటాన్ని పౌర విమానయాన శాఖ 2021 సెప్టెంబరు 24న విడుదల చేసింది. డ్రోన్ పెట్టె విప్పే ముందు ఆ పటం మీద తమ వీధి ఏ రంగులో ఉన్నదో చూసుకోవడం జనక్‌పురి వాసులకు ఉత్తమం. తీహార్ కారాగారం కూడా ఈ కాలనీకి సమీపంలోనే ఉన్నదన్న విషయం విస్మరింపరానిది.

ఇంతటి పట్టుదల దేనికన్న ప్రశ్నకు సమాధానం గత ఘటనలలో ఉంది. 2017 ఆగస్టులో డ్రోన్‌ను పోలిన వస్తువు కనిపించిందని ఒక పైలట్ తెలియజేయడంతో ఢిల్లీ విమానాశ్రయంలో రాకపోకలు కొంతసేపు నిలిచిపోయాయి. 2018 డిసెంబరులో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయం ఇదే కారణంగా స్తంభించిపోగా, దాదాపు వెయ్యి విమానాలకూ 1,40,000 మంది ప్రయాణికులకూ అవాంతరం కలిగింది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్ల సాయంతో పేలుడు పదార్థాలు జారవిడిచారు. ఆకాశంలో చుక్కలా కనిపించే యంత్రం సరదాకు ఎగురవేసినదో కాదో కింది నుంచి చూసే భద్రతా సిబ్బందికి తెలిసే మార్గం లేదు.

బహుళ అంతస్తుల భవనానికి డ్రోన్ రావడం దేశంలో మొదటిసారి సంచలనం కలిగించినది ముంబైలో. 2014 మే నెలలో ఫ్రాన్సెస్కోస్ పిజ్జేరియా అనే సంస్థ లోయర్ పరేల్ నుంచి వర్లీలోని ఒక ఎత్తైన భవనానికి డ్రోన్ ద్వారా పిజ్జా పంపింది. ఆ దృశ్యాలు బయటకు రాగానే పోలీసులు ఆరా తీశారు. అదే ఏడాది అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) పౌరులు డ్రోన్లు ఎగురవేయడాన్ని నిషేధిస్తూ ప్రకటన వెలువరించింది. 2018 డిసెంబరు 1న కొత్త నిబంధనలు అమలులోకి వచ్చేవరకు ఆ పరిస్థితి కొనసాగింది.

దిక్సూచికి ఇనుము బెడద

చట్టం మాట అటుంచి, యంత్రం పనితీరును పరిశీలించినా బాల్కనీ అంత అననుకూలమైన స్థలం మరొకటి కానరాదు. డ్రోన్ తాను బయలుదేరిన చోటును ఉపగ్రహ సంకేతాల (జీపీఎస్) ఆధారంగా గుర్తుపెట్టుకుంటుంది. సంకేతం తెగిపోయినా, బ్యాటరీ క్షీణించినా తనంతట తాను ఆ చోటికి తిరిగివస్తుంది. ఆరుబయట ఇది చక్కగానే పనిచేస్తుంది. బాల్కనీలో మాత్రం పైన శ్లాబు, వెనుక గోడ, పక్కన మరో గోడ. ఆకాశంలో సగానికి పైగా మరుగున పడటంతో తగినన్ని ఉపగ్రహాలు అందవు. అందినవాటి సంకేతాలు సైతం ఎదురు భవనాలకు తగిలి వంకరగా చేరతాయి. కొన్ని డ్రోన్లు అసలు చోటును నమోదు చేసుకోకుండానే ఎగిరిపోయి, వీధి మధ్యకు చేరిన తరువాత, అక్కడ సంకేతం బాగా అందుతున్నందున, దానినే తమ ఇల్లుగా నమోదు చేసుకుంటాయి. బ్యాటరీ అడుగంటినప్పుడు అవి వచ్చి దిగేది ఆ వీధి మధ్యనే.

చోటు సరిగ్గా నమోదైనా ఇబ్బంది తొలగిపోదు. జీపీఎస్ లెక్కలో కొన్ని మీటర్ల తేడా రావడం సహజం. సామాన్య కుటుంబాల బాల్కనీ వెడల్పు నాలుగైదు అడుగులు. పైగా తిరిగివచ్చే డ్రోన్ ముందు నిర్ణీతమైన ఎత్తుకు లేచి, ఆ చోటుకు నేరుగా పైన నిలిచి, నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. నిట్టనిలువుగా దిగితే తగిలేది మేడ పైకప్పు, లేదా పై అంతస్తు వారి బాల్కనీ. పైవారు సహృదయులైతే మంచిదే.

దిక్సూచి వ్యవహారం మరింత సూక్ష్మమైనది. డ్రోన్‌లోని అయస్కాంత దిక్సూచి తన ముఖం ఏ దిక్కున ఉన్నదో చెబుతుంది. బాల్కనీ నేలలో ఇనుప కడ్డీలు, ముందు ఇనుప గ్రిల్లు, పక్కన ఏసీ యంత్రపు బయటి పెట్టె. వీటి ప్రభావానికి లోనైన దిక్సూచి తప్పు దిక్కు చూపితే, గాలిలో నిలకడగా ఉండవలసిన యంత్రం సుడి తిరుగుతూ అంతకంతకూ వెడల్పైన వలయాలు కడుతుంది. గోడ నాలుగడుగుల దూరంలో ఉన్నప్పుడు దాని పర్యవసానం ఊహించడం కష్టం కాదు.

నేలను చూస్తూ నిలకడ సాధించే కెమెరా, సెన్సార్లు కూడా ఇక్కడ తికమకపడతాయి. బాల్కనీలో నేల మూడడుగుల కింద ఉంటుంది. గ్రిల్లు దాటగానే నలభై అడుగుల కిందికి పోతుంది. తిరిగివచ్చేటప్పుడు అంతే హఠాత్తుగా పైకి వస్తుంది. దీనికి తోడు భవనపు మూలల వద్ద గాలి సుళ్లు తిరుగుతుంది. ఆరుబయట తేలికపాటి గాలిగా తోచేది రెండు మేడల సందులో పావుకిలో బరువున్న యంత్రాన్ని పక్కకు నెట్టగలదు. డ్రోన్ భవనం వెనుకకు వెళ్లినట్లయితే రిమోట్ సంకేతానికి కాంక్రీటు అడ్డుపడుతుంది. పావురాల బెడదకు కట్టే సన్నని నైలాన్ వల సంగతి చెప్పనే అక్కరలేదు. దూరం నుంచి మనుషుల కంటికే ఆనదు, యంత్రం కంటికి ఎక్కడ ఆనుతుంది? ఢిల్లీ ఆకాశంలో గద్దల సంఖ్య కూడా తక్కువేమీ కాదు.

వీటన్నిటి దృష్ట్యా కొందరు డ్రోన్‌ను చేతితో పట్టుకుని దించుతుంటారు. తిరుగుతున్న ఫ్యాన్ రెక్కలకు వేళ్లు తెగే ప్రమాదం ఉన్నందున, అందులోనూ కమ్మీ మీదుగా బయటకు వంగి పట్టుకోవలసి వచ్చే చోట, ఇది ఏ విధంగానూ సలహా ఇవ్వదగిన పద్ధతి కాదు.

నాలుగో అంతస్తు నుంచి, అనగా సుమారు 12 మీటర్ల ఎత్తు నుంచి జారిపడిన వస్తువు, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నేలను తాకేసరికి గంటకు 55 కిలోమీటర్ల వేగం పుంజుకుంటుంది. పదో అంతస్తు నుంచైతే అది 87 కిలోమీటర్లు. కింద కూరగాయల బండి ఉండవచ్చు, ఆడుకునే పిల్లలు ఉండవచ్చు. ఇతరుల ప్రాణానికి లేదా భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు చర్యకు భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు శిక్ష గాని, 2,500 రూపాయల వరకు జరిమానా గాని, లేక రెండూ గాని విధించవచ్చు. గాయం తగిలితే శిక్ష పెరుగుతుంది. నానో డ్రోన్‌కు బీమా తప్పనిసరి కానందున నష్టపరిహారం భారం యజమానిపైనే పడుతుంది. ఎదుటి ఇంటి కిటికీలోకి కెమెరా తిరిగినప్పుడు తలెత్తే ఆంతరంగికత సమస్య వేరు. మహిళల ఏకాంతాన్ని చిత్రీకరించడం అదే సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

విధానంలో రెండు ధోరణులు

ఆర్థిక రంగంలో మాత్రం ప్రభుత్వం డ్రోన్లకు ఎర్ర తివాచీ పరుస్తోంది. 2021 సెప్టెంబరులో దేశీయ తయారీదారులకు 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహా, నిషేధించింది. విడిభాగాలపై ఆంక్ష లేదు. 2025 సెప్టెంబరులో వస్తు సేవల పన్నును 5 శాతానికి తగ్గించింది. విదేశాల నుంచి వచ్చే బంధువులు కానుకగా తెచ్చే డ్రోన్‌ను కస్టమ్స్ పత్రంలో పేర్కొనవలసిన నియమం 2016 ఏప్రిల్‌లోనే వచ్చింది.

చైనాకు చెందిన డీజేఐ సంస్థ 2019లో 249 గ్రాముల డ్రోన్‌ను విడుదల చేయడం యాదృచ్ఛికం కాదు. పలు దేశాల చట్టాలు 250 గ్రాముల వద్ద గీత గీశాయి. జపాన్‌లో గీత 200 గ్రాముల వద్ద ఉన్నందున అక్కడికి 199 గ్రాముల నమూనా పంపింది. జపాన్ ప్రభుత్వం 2022 జూన్‌లో గీతను 100 గ్రాములకు దించివేసింది. గ్రాములతో సాగే ఈ దోబూచులాటలో కొనుగోలుదారుకు మిగిలేది పెట్టె మీది అంకె. తన ఇంటి మీది ఆకాశం ఏ రంగులో ఉన్నదో ఆ పెట్టె చెప్పదు.

మేడల మధ్య డ్రోన్ల ఉపయోగానికి తెలుగునాట ఒక ఉదాహరణ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదల సమయాన విజయవాడలో మేడల మీద చిక్కుకుపోయినవారికి ఆహారం, మంచినీరు డ్రోన్ల ద్వారా చేరవేశారు. అవి ప్రభుత్వ పర్యవేక్షణలో, శిక్షణ పొందినవారి చేతుల మీదుగా సాగినవి. ఇంటి బాల్కనీ విన్యాసాలకు ఆ వెసులుబాటు వర్తించదు.

రాజధానిలో ఏటా జనవరి 26, ఆగస్టు 15 సమీపించగానే డ్రోన్లు, పారాగ్లైడర్లు, వేడిగాలి బెలూన్లు మొదలైనవాటిని నిషేధిస్తూ ఢిల్లీ పోలీసు కమిషనర్ విడిగా ఉత్తర్వులు జారీ చేస్తారు. 2023 సెప్టెంబరులో జీ-20 శిఖరాగ్ర సమావేశం సందర్భంగానూ ఇటువంటి ఉత్తర్వే వెలువడింది. సరిగ్గా ఆ ఆగస్టు రోజులలోనే జనక్‌పురి మేడలన్నిటి మీద గాలిపటాలు లేస్తాయి. గాలిపటం కూడా విమానమేనని 1934 నాటి విమాన చట్టం నిర్వచించింది. 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి రావడంతో ఆ పాత చట్టం రద్దయింది. ప్రమాదకరమైన మాంజా దారాన్ని ఢిల్లీ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. పొరపాటున ఆ దారం డ్రోన్ రెక్కకు చుట్టుకుంటే, రెండూ కలిసి ఎవరి బాల్కనీలో పడతాయన్నది ఏ పటమూ చూపజాలదు.