చీకటిలో కాంతిని పోగుచేయుట

రాజమహేంద్రవరములో పుష్కర ఘాట్ యొద్ద సాయంవేళ గోదావరికి హారతి ఇత్తురు. చూచువారి కంటికి హారతి దీపమును, మెట్లపై నిలిచిన భక్తుల ముఖములును, నదిపైని వంతెనయు ఒక్కసారిగా కనిపించును. అదే దృశ్యమును కెమెరాతో తీసినచో దీపము తెల్లని మచ్చ యగును. దీపము చక్కగా పడినచో ముఖములు చీకటిలో కలిసిపోవును. ముఖములు తేలునట్లు చిత్రపు వెలుగును పెంచినచో వానిపై ఇసుక చల్లినట్లు రంగురంగుల చుక్కలు బయలుపడును. ఇందులకు కారణ మేమి?

గిన్నెలు - చినుకులు

కెమెరాలో లెన్సు వెనుక సెన్సరు అను పలక ఉండును. దానిపై లక్షలు, కోట్లకొలది చిన్న గళ్లు కలవు. ఒక్కొక్క గడిని ఒక గిన్నెగా ఊహింపుడు. షట్టరు తెరచియున్నంతసేపు కాంతి కణములైన ఫోటానులు ఆ గిన్నెను ఎలక్ట్రానులతో నింపుచుండును. గిన్నె నిండిన పిమ్మట ఎంత కాంతి పడినను లెక్కకు రాదు. చిత్రములో అది ఉత్త తెలుపే. దీపమునకు పట్టిన గతి యిది.

ఇక చీకటి సంగతి. తొలకరి చినుకులలో ఒకే కొలత గల గిన్నెలను పెరటిలో వరుసగా ఉంచినను, అన్నిటిలో సమానముగా చినుకులు పడవు. సగటున 9 పడుచోట ఒకదానిలో 6, మరొకదానిలో 12 పడుట సహజము. ఫోటానులును ఇట్లే వచ్చును. సగటు సంఖ్య యొక్క వర్గమూలమే ఈ హెచ్చుతగ్గుల కొలత. సగటు 9 అయినచో హెచ్చుతగ్గు 3, అనగా మూడవ వంతు. 900 అయినచో 30, అనగా ముప్పదవ వంతు మాత్రమే. చీకటి భాగములలో గరుకు హెచ్చుటకు ముఖ్యకారణ మిదియే. దీనిని ‘నాయిజ్’ అందురు. సెన్సరును చదువు విద్యుద్వలయము కూడ కొంత దోషమును చేర్చును. ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచినచో చిత్రము ప్రకాశవంత మగునే గాని గిన్నెలో పడిన చినుకులు పెరగవు.

మూడు చిత్రములు ఒకటి యగుట

కెమెరాను ముక్కాలి పీటపై కదలకుండ నిలిపి, ఒకే దృశ్యమును సెకనులో 1/60, 1/15, 1/4 వంతుల కాలములతో మూడుసార్లు తీయుదురు. దీనికి ‘బ్రాకెటింగ్’ అని పేరు. ఘాటు మెట్టులోని ఒక చోటు మొదటి చిత్రములో 400 ఎలక్ట్రానుల నిచ్చినదనుకొందము. మూడవ చిత్రములో కాలము 15 రెట్లు గనుక 6,000 వచ్చును. ఆయా కాలములచే భాగించినచో రెంటను సెకనుకు 24,000 అను ఒకే విలువ లభించును. కాని మొదటి దానిలో హెచ్చుతగ్గు నూటికి 5. మూడవ దానిలో సుమారు 1.3 మాత్రమే. కావున మెట్టును మూడవ చిత్రము నుండియు, గిన్నె పొంగిపోయిన దీపమును మొదటి చిత్రము నుండియు గ్రహించుట యుక్తము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1850ల లోనే ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లె గ్రే సముద్రమునకు ఒకటి, ఆకాశమునకు ఒకటిగా రెండు నెగటివులను కలిపి చిత్రములు ముద్రించెను. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ గారలు వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుండి దృశ్యములోని అసలు కాంతి విలువలను గణించు పద్ధతిని ప్రకటించిరి. అట్లు లభించిన విస్తారమైన వెలుగు భేదమును తెరపై చూపుటకు మరల కుదింపవలసియుండును.

చెరిపివేయుట కాదు, కూర్చుట

ఒకే ఎక్స్‌పోజరుతో 16 చిత్రములు తీసి సగటు కట్టినచో నాయిజ్ నాలుగవ వంతునకు తగ్గును. 16 యొక్క వర్గమూలము 4 గదా! సెల్‌ఫోనులలోని ‘నైట్ మోడ్’ సాధారణముగా ఇట్టి పనియే చేయును. చేతి వణకును సరిచూచి చిత్రములను ఒకదానిపై నొకటి అమర్చును. అయినను ఊగు జ్వాల, నడచు మనుష్యులు ఒక్కొక్క చిత్రములో ఒక్కొక్క చోట ఉందురు గనుక, వారిని గుర్తించి విడువనిచో నీడలవంటి జంటరూపము లేర్పడును.

ఒకే చిత్రములో ప్రక్క ప్రక్క గళ్లను కలిపి నునుపు చేయుట మరియొక మార్గము. దానివలన గరుకుతోబాటు చీర అంచును, ముఖముపై ముడుతలును చెరిగిపోవచ్చును. ఇది ఉన్నదానిని కప్పిపుచ్చుట. మునుపటిది క్రొత్త కాంతిని పోగుచేయుట. రెంటికిని గల ఈ భేదమును విద్యార్థులు మరువరాదు.

తరగతిలో దీనిని పాచికలతో పరీక్షింపవచ్చును. ఒక్కసారి వేసినచో 1 నుండి 6 వరకు ఏదైనను పడును. ప్రతి విద్యార్థియు 16 సార్లు వేసి సగటు కట్టినచో, అత్యధికుల సగటులు 3, 4 సంఖ్యల నడుమనే నిలుచును. చీకటిలో ముఖమును స్పష్టపరచు సూత్రము ఇదియే.